కమాను ఎదుట గొడుగుల కొట్టు

గల్లాపెట్టె దగ్గర యజమాని. ఎదురుగా స్టూలు మీద బావమరిది, మున్సిపల్ ఇంజనీరు. వీధికి అడ్డంగా, నగిషీలు చెక్కిన పాత కమాను.

"...ఈ వీధికొచ్చిననాడు నా చేతిలో మూడే గొడుగులురా. అందులో ఒకటి చిల్లు. అక్కణ్ణుంచి ఇంత చేశాను. ఇంకా పైకొచ్చేవాణ్ణే, ఈ కమాను అడ్డురాకపోతే."

"నువ్వే వచ్చి దాని ముందు కూర్చున్నావు బావా. అదొచ్చి నీ ముందు నిలబడలేదు."

"వానొస్తే జనమంతా దాని కిందే దూరతారు. చుక్క తడవకుండా నిలబడతారు. ఇంక గొడుగెవడు కొంటాడు?"

"ఒక్కడూ కొనడా?"

"కొంటారనుకో. నిలబడి నిలబడి విసుగెత్తి, ఎదురుగా నా కొట్టు కనబడి. అదీ ఒక బేరమేనా? అది లేకపోతే మొత్తం జనం కొనాల్సిందే."

"ఆ పనితనం చూడు. లతలు, నెమళ్ళు, సింహాలు..."

"సింహాలా అవి? ఒకదానికి ముక్కు లేదు. ఇంకోటి బొమిక చూసిన కుక్కలా నవ్వుతోంది."

"దాన్ని కాపాడాలని కమిటీ వేశారు."

"వచ్చారు మీ కమిటీవాళ్ళు. కార్లోంచి మెడ బయటపెట్టి 'అద్భుతం' అన్నారు. నెత్తిన పెచ్చు పడుతుందని దిగలేదు."

"అన్నట్టు, పెచ్చులూడుతున్నాయి, కూల్చెయ్యమని అర్జీ పెట్టావట. వాటంతటవే ఊడుతున్నాయా?"

"గొడుగు కర్రతో కాస్త తట్టాను. గట్టిదో కాదో చూడొద్దూ?"

"బావా."

"మీ అక్క మెడలో కొత్త గొలుసు చూడాలని లేదా నీకు?"

"అక్కని మధ్యలోకి లాగకు."

"లాగను. నువ్వు సంతకం పెట్టు."

కమాను కూల్చేశాక వచ్చిన మొదటి వాన. అదే కొట్టు, వాళ్ళిద్దరే.

"వాన దంచుతోంది, కొట్టు ఖాళీగా ఉందేం బావా?"

"వీధిలోకి చూడు."

"పరిగెడుతున్నారు."

"అదే. ఎవడూ ఆగడే. నెత్తిన సంచి పెట్టుకుని ఒకటే పరుగు. ఇదివరకు దాని కింద ఇరుక్కుని, అటు పోలేక ఇటు పోలేక, నా మొహం చూసి కొనేవాళ్ళు."

"అంటే ఇన్నాళ్ళూ నీకు బేరాలు పట్టి ఇచ్చింది..."

"పుండు మీద కారం చల్లకు."

"పోనీ, కమిటీకి చెప్పుకో."

"కమానే లేదు, ఇంక కమిటీ ఏమిటి?"

"కమాను కూలితే కమిటీ కూలుతుందా? కమానెంత గొప్పదో చెబుతూ ఇప్పుడు పుస్తకం వేస్తున్నారు. అది సరేగానీ, గుమ్మం ముందు ఆ తలేమిటి?"

"నవ్వే సింహం. దాన్ని చూసైనా జనం ఆగుతారేమోనని."

"ఆగారా?"

"పొద్దున ఒకాయన ఆగాడు."

"కొన్నాడా?"

"దాని పక్కన ఫోటో దిగుతానని ఒక గొడుగు అరువడిగాడు. ఇచ్చాను. గొడుగుతో సహా పోయాడు."

"మొత్తం మీద నీకు లాభం ఏం మిగిలినట్టు?"

"ఆ తలా, మొదటినాటి చిల్లు గొడుగూ. అదిగో, మూల ఉంది. తీసుకెళ్ళి సింహం నెత్తిన పట్టరా, వానకి పెచ్చులూడుతోంది."