దొంగ పేరు

లండన్‌లో రాజుగారు నాటకశాలలు మళ్లీ తెరిపించిన రోజులు. సెయింట్ పాల్ చర్చి పక్కనున్న పుస్తకాల అంగడిలో, యజమానితో ఒక రచయిత్రి మాట్లాడుతోంది.

"మీ కథ అచ్చుకి సిద్ధమమ్మా. ముందుమాట ఒక్కటే తరువాయి. మీకు తెలీకుండా ఎవరో స్నేహితులు ఈ కథ కాజేసి మాకిచ్చారని రాసెయ్యండి."

"అదేం మాటండీ! వానలో తడుస్తూ తెచ్చి మీ చేతిలో పెట్టింది నేనే కదా?"

"నాకు తెలీదా? కానీ తనంతట తానే అచ్చేయించుకుందంటే, ఆ ఆడమనిషి పుస్తకం మర్యాదస్తులు ముట్టుకోరు. అందరూ ఇలాగే రాస్తారు."

"మగవాళ్ల కథలు ఎవరూ కాజెయ్యరా?"

"వాళ్లకేం ఖర్మమ్మా? దర్జాగా పేరేసుకుంటారు."

"సరే, రాస్తాను. కానీ దొంగ పేరు కూడా వేయాలి."

"పేరెందుకు? స్నేహితులంటే చాలు."

"కుదరదు. మా ఆయన పేరు వేయండి."

"అయ్యయ్యో, పాపం ఆయనేం చేశాడు?"

"ఆడవాళ్లని గుమ్మం తొక్కనివ్వని ఆ కాఫీ అంగట్లో కూర్చుని, ఈ కథ తనే రాశానని రోజూ చదివి వినిపిస్తున్నాడు."