అంతా నార్మల్ మేడమ్

యానాంలో ఒక నర్సింగ్ కాలేజీ ల్యాబ్. రేపే ప్రాక్టికల్ పరీక్ష. ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో తేల్చే హెప్సిబా మేడమ్ తానే పేషెంటునంటూ మంచమెక్కి పడుకుంది. కిందటిసారి ఫెయిలైన దరియాలతిప్ప పిల్ల సాయిదివ్య భయంతో గబగబా అప్పజెప్పేస్తోంది. భయపడదా మరి, ఆవిడ నోరలాంటిది!

“…రక్తం తక్కువ లేదు, కామెర్లు లేవు, కాళ్ళవాపు లేదు, అంతా నార్మల్ మేడమ్.”

“ఆగవే తల్లీ, ఆగు. రైలేమైనా తప్పిపోతోందా? యానానికి రైలే రాదు కదా!”

“లేదండి…”

“కామెర్లు లేవని ఎలా తెలిసింది?”

“కళ్ళు చూశానండి.”

“ఎప్పుడు చూశావు? ఈ రంగు కళ్ళజోడు నేనింకా తియ్యనేలేదు!”

“సారీ మేడమ్. తియ్యండి, చూస్తాను.”

“అక్కర్లేదు. పొట్ట చూడు. వరస చెప్పు ముందు.”

“చూడటం, చేత్తో నొక్కడం, వేలితో తట్టడం, స్టెత్ పెట్టి వినడం.”

“అది ఛాతీకి. పొట్టకి?”

“పొట్టకి కూడా…”

“నీ మొహం! ముందే నొక్కేస్తే పేగులు కదిలిపోయి చప్పుడు మారిపోదూ? చూడాలి, వినాలి, తట్టాలి. నొక్కడం ఆఖర్న. నేనది చెప్పిన రోజు నిద్రపోయావా, రీల్స్ చూసుకున్నావా?”

“మళ్ళీ మొదలెడతానండి.”

“పెట్టు. తెర లాగావా? పేషెంటుని అడిగావా? రేపు ఆ మంచం మీద కనకాలపేట ముసలమ్మెవరో ఉంటుంది. మీ రబ్బరు బొమ్మ కాదు, ఎలా పడితే అలా చేసినా ఊరుకోడానికి.”

“అమ్మా, పొట్ట చూస్తానండి. మోకాళ్ళు ముడవండమ్మా.”

“అబ్బా! అదేం చెయ్యే, ఐసుపెట్టెలోంచి తీసుకొచ్చావా? రుద్దుకో.”

“రుద్దుకున్నానండి. పేగుల చప్పుడు వినపడుతోంది, నార్మల్ మేడమ్.”

“స్టెత్ చెవుల్లో పెట్టుకుంటే వినపడుతుంది. నీ మెడలోనే వేలాడుతోంది, చూసుకో.”

“అయ్యో…”

“అయ్యో అట! ఇలాంటి దాన్ని వార్డులోకి వదిలితే నాకు పాపం చుట్టుకుంటుంది.”

“నిన్న మా క్లాసు జాస్మిన్ని మీరేమీ అనలేదంటండి. పొట్ట మీద ఇలా చెయ్యేసి నార్మల్ అనేసిందంట. చిటికెలో పంపేశారంట.”

“దాని సంగతి నీకెందుకు?”

“సత్యశ్రీని కూడా…”

“నోరు మూసుకుని తట్టు. అదా తట్టడం? ఎవరింటి తలుపు బాదుతున్నావు? మణికట్టు ఆడాలే, మోచెయ్యి కాదు. పనసకాయ ముగ్గిందో లేదో ఎప్పుడూ తట్టి చూడలేదా?”

“చూశానండి.”

“అలా తట్టు. ఊ, ఏమొచ్చింది?”

“ఇక్కడ డొల్లగా వస్తోందండి. ఇక్కడ కూడా. ఇక్కడ… మొద్దుగా వస్తోందండి.”

“ఎక్కడ?”

“కుడిపక్క, పక్కటెముకల కింద.”

“అక్కడ లివరుంటుంది. మొద్దుగా కాకపోతే మృదంగంలా మోగుతుందా?”

“లివరు ఎముకల చాటునే ఉండాలి కదండి. ఇది బాగా కిందిదాకా…”

“నీ వేలు వంకర. వదిలెయ్. నొక్కు ఇప్పుడు… చేపల బేరానికొచ్చావా? పండుగప్పని నొక్కినట్టు నొక్కుతున్నావు! వేళ్ళ కొసల్తో కాదు, చెయ్యి పరిచి. కళ్ళెక్కడున్నాయి?”

“నా చేతి మీదండి.”

“పేషెంటు మొహం మీదుండాలి. నొప్పని నోరు చెప్పకపోయినా మొహం చెప్పేస్తుంది.”

“ఊపిరి గట్టిగా పీల్చండమ్మా. ఇంకోసారి… మేడమ్!”

“ఏంటి?”

“నొప్పేసిందండి మీకు.”

“నీ గోరు గుచ్చుకుంది.”

“గోళ్ళు పొద్దున్నే తీసేసుకున్నానండి.”

“అయితే ఎసిడిటీ. మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాను.”

“మీరు ఊపిరి పీల్చినప్పుడు ఏదో గట్టిగా వచ్చి వేళ్ళకి తగులుతోందండి. గడ్డలు గడ్డలుగా.”

“ఎముకే అది.”

“ఎముక ఊపిరితోపాటు కిందికి దిగదండి.”

“ఓహో! నాకే పాఠం చెప్పేంతదానివయ్యావా? చాల్లే. నార్మల్ అని చెప్పి పో.”

“అదికాదండి…”

“అనవే! ఇందాక చిలకలా అన్నావుగా. ఆ ఒక్కమాట అను, రేపు పరీక్షకి పంపేస్తాను.”

“అనకపోతే?”

“ఏడాది పోతుంది. మీ అమ్మకి నువ్వే చెప్పుకో.”

“పోతే పోనివ్వండి. నాకు భయమేస్తోంది మేడమ్.”

“మళ్ళీ ఫెయిలవుతాననా?”

“మీ గురించండి. ఆ కళ్ళజోడొకసారి తియ్యండి. మీకు దణ్ణం పెడతాను.”

“పేషెంటుకి దణ్ణం పెట్టమని ఎవరు నేర్పారే నీకు? ఇదిగో, తీశాను. చూడు.”

“కిటికీ వైపు తిరగండి… అమ్మో. పసుప్పచ్చగా ఉన్నాయండి.”

“ఊ.”

“మీకు తెలుసాండి?”

“తెలీకేం? ఊళ్ళో సగంమంది నర్సులకి నేర్పినదాన్ని, నా పొట్ట మీద నా చెయ్యి వేసుకోలేనా?”

“మరి డాక్టరుగారికి చూపించుకున్నారా?”

“లేదు.”

“ఎందుకండి?”

“వెళ్తే దానికో పేరు పెట్టేస్తారే. పేరు పెట్టాక ఇంక ఎసిడిటీ అనుకోడానికుండదు.”

“అయ్యో మేడమ్! ఇంత తెలిసిన మీరే ఇలా చేస్తే ఎలాగండి? మరి మా అందరిచేతా ఎందుకు చూపించుకున్నారు? అబద్ధం చెప్పిన వాళ్ళనెందుకు పంపేశారు?”

“ఒక్కళ్ళూ సరిగ్గా నొక్కి చూడలేదని తెలుసు, అందరూ ఒట్టి నోటి మాటే చెప్తున్నారని తెలుసు. అయినా ‘అంతా నార్మల్ మేడమ్’ అని మీలో ఎవరైనా అంటే ఆ రాత్రికి నాకు నిద్రపట్టేదే… నిన్న జాస్మిన్ అదే మాట అన్నా, ఇంక నమ్మబుద్ధి కాక పట్టలేదు.”