రెండో గీత

అధ్యక్ష స్థానంలో ఉన్న మా విభాగాధిపతి గారికి, నా కోసం మోకాళ్ళ నొప్పితో రెండంతస్తుల మెట్లెక్కి వచ్చిన మా పెద్ద మేడమ్ గారికి, ఆచార్యులకీ, తోటి సిబ్బందికీ, వెనక వరసలో కూర్చుని 'త్వరగా ముగించండి' అని ఇప్పటికే రెండుసార్లు సైగ చేసిన మా ఆవిడకీ నమస్కారాలు. (నవ్వులు)

ఇంతసేపూ మాట్లాడినవాళ్ళందరూ నా చేతిని తెగ పొగిడారు. ఈయన చేతిలో పడ్డ ప్రయోగం చెడదన్నారు. వింటుంటే సంతోషంగానూ ఉంది, మొహమాటంగానూ ఉంది, ఎందుకంటే ఇదే ల్యాబులో పది నెలల పాటు ఈ చేతికి ఉన్న పేరు వేరు. ఆ సంగతి చెప్పకుండా ఈ పూలగుత్తి పట్టుకుని ఇంటికి పోతే దొంగసొత్తు మోసుకెళ్తున్నట్టుంటుంది.

నేనిక్కడ గాజుసామాను కడగడానికి చేరాను. మేడమ్ గారు పక్కన నిలబెట్టుకుని పని నేర్పారు. ఆవిడ ప్రశ్న ఒకటే, దీపం ఆర్పకుండా ఉంచిన గదిలో కూడా మొక్కకి వేళ ఎలా తెలుస్తుంది, ఆకులు ఠంచనుగా ఎలా లేస్తాయి, ఎలా వాలతాయి అని. జవాబు మా ఆవిడకి అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే ముప్ఫై ఏళ్ళుగా అడుగుతోంది. మొక్క కణంలో ఒక ప్రోటీన్ పగలంతా తయారవుతుంది. దాని మీద ఫాస్ఫేట్ అనే చిన్న చీటీ అంటుకుంటుంది. చీటీ పడ్డాక, నీ పని అయింది ఇక దయచెయ్యి అని కణమే దాన్ని ముక్కలు చేసేస్తుంది. అది పోతేనే మర్నాటి పని మొదలవుతుంది. మొన్న ఆఫీసు నుంచి నాకొచ్చిన రిటైర్మెంటు కాగితం కూడా అలాంటి చీటీయే అనుకోండి. (నవ్వులు)

ఇప్పుడింత ధీమాగా చెబుతున్నాను గానీ, అప్పట్లో ఈ చీటీ సంగతి మాకెవరికీ తెలియదు. ఆకు నూరి, ప్రోటీన్ తీసి, జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో నడిపితే, చివరికి ఫిల్ము మీద ఒక నల్లగీత రావాలి. అప్పుడు పరిశోధక విద్యార్థిగా ఉన్న మన అధ్యక్షుల వారికి శుభ్రంగా ఒక్క గీతే వచ్చేది. నాకు మాత్రం ఒకదాని మీద ఒకటి, రెండొచ్చేవి. "మళ్ళీ చెయ్యి" అనేవారు మేడమ్. గ్లవ్స్ మార్చాను, నీళ్ళు మార్చాను, బల్ల కూడా మార్చాను. పదకొండోసారీ అవే రెండు గీతలు చూసి, "చేతిలో శుభ్రత లేకపోతే ఎన్నిసార్లు చేసినా ఇంతే" అన్నారు. అరిచి అనలేదు, అలసటగా అన్నారు. అరిచినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంట్లో నా గ్లాసు నేను కడుక్కుంటుంటే మా ఆవిడ, "కడిగిందే ఎన్నిసార్లు కడుగుతారండీ" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. మర్నాడు మేడమ్ చేతికి కాగితం ఇచ్చాను. 'నా చెయ్యి ఈ పనికి పనికిరాదు. నన్ను ఉద్యోగం నుంచి విడుదల చేయగలరు.'

ఆవిడ చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నారు. "సరే, వెళుదువుగాని. ఒక్కసారి నా ముందు చేసి చూపించు" అని స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను ఒక ఆకు నూరి, వెంటనే మందు పోసి, ట్యూబు మరిగే నీళ్ళలో వేసి, అప్పుడు రెండో ఆకు తీశాను.

"అన్నీ నూరి ఒకేసారి మరిగించొచ్చుగా?"

"నూరింది ఊరికే ఉంటే పాడైపోతుందేమోనని భయం మేడమ్. అందుకే ఒక్కొక్కటే."

ఆవిడ పక్క బల్ల వైపు తిరిగి, "మరి నువ్వో?" అన్నారు. మన అధ్యక్షుల వారు చేతులు కట్టుకుని, "అన్నీ నూరి బల్ల మీద పెట్టి, టీ తాగొచ్చి మరిగిస్తానండీ" అన్నారు. (పెద్దగా నవ్వులు) తల దించుకోకండి సార్, మీ టీ పుణ్యమే ఇదంతా.

మేడమ్ తన చేత్తో ఒకే ఆకుని రెండు వాటాలు చేశారు. ఒకటి నా పద్ధతిలో, ఒకటి గంటసేపు బల్ల మీద ఉంచి. మర్నాడు చూస్తే నా వాటాకి రెండు గీతలు, టీ వాటాకి ఒకటి! పై గీత చీటీ ఉన్న ప్రోటీన్. బల్ల మీద ఉన్న గంటలో ఆకులోని ఎంజైములే చీటీలన్నీ ఊడగొట్టేస్తున్నాయి. వెంటనే మరిగిస్తే ఆ ఎంజైములు చచ్చి, చీటీలు నిలుస్తున్నాయి. పారేయమన్న నా పాత ఫిల్ములు పదకొండూ బీరువాలోనే ఉన్నాయి, ఆకు కోసిన వేళ కూడా రాసి పెట్టాను. వేళల వరసలో పరిస్తే, పొద్దున సన్నగా ఉన్న పై గీత సాయంత్రానికి చిక్కబడుతోంది. తర్వాత చీటీ అంటుకోకుండా మార్చిన మొక్కల్ని పెంచాం. వాటి ఆకులు, సెలవుల్లో మా అమ్మాయిలాగా, రోజురోజుకీ ఆలస్యంగా లేచాయి. (నవ్వులు)

రెండు గీతల గుట్టు తేలిన రోజే మేడమ్ ల్యాబులో అందర్నీ పిలిచి, "తప్పు ఇతని చేతిది కాదు, నేను చూసిన తీరుది" అన్నారు. నన్ను క్షమించమన్నారు. వ్యాసంలో నా పేరు తన పేరు పక్కన వేశారు. గాజుసామాను కడిగేవాడితో అంత పెద్దావిడ అందరి ముందూ అలా అంటారని నేను కల్లో కూడా అనుకోలేదు. మేడమ్, ఆ తర్వాత ఈ చేతిని నేనెప్పుడూ అనుమానించలేదు. అది మీరు పెట్టిన భిక్ష.

ఇందాక మెట్ల దగ్గర మేడమ్ గారు నాకొక కవరిచ్చారు. ఇదిగో. నా రాజీనామా! ఇరవై ఆరేళ్ళు దాచారు, పైకి పంపలేదు. 'నా చెయ్యి ఈ పనికి పనికిరాదు' అన్నచోట ఎర్రగా కొట్టేసి ఉంది. పక్కన తేదీ చూడండి, నా వాటాకి రెండు గీతలు, టీ వాటాకి ఒకటి వచ్చిన రోజుది.

ఇక ఇందులో మిగిలింది ఒక్క వాక్యమే, నన్ను విడుదల చేయమని. అధ్యక్షుల వారూ, ఇవాళ దీని మీద తమరు సంతకం పెట్టాలి. టీ తాగొచ్చి పెడతానంటే మాత్రం ఒప్పుకోను. (నవ్వులు, చప్పట్లు)

నన్ను భరించినందుకు, ఇంత ఓపిగ్గా విన్నందుకు అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా ఆవిడ మూడోసారి సైగ చేస్తోంది. సెలవు.