విమానాలు కాసే చెట్టు

కంచన్‌బాగ్ బస్టాండు పక్కన సామ్యూల్ చాయ్ బండి దగ్గర ప్రేమ్‌రాజ్ నోరు తెరిచాడంటే, ఇక దాన్ని ఆపడం అతని వల్ల కూడా కాదు. సర్కారు క్వార్టర్లలో ముప్పై ఏళ్లు తోటపని మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. చెట్లకు నీళ్లు పోసింది తక్కువ, చెట్ల గురించి చెప్పింది ఎక్కువ అని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లూ అదే అంటారు, కాకపోతే అతను ఇప్పించిన చాయ్ తాగుతూ అంటారు.

ఆ సాయంత్రం అనురాగ్ అతని ఎదురుగా బల్ల మీద పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. అనురాగ్ వాళ్లది పాల వ్యాపారం. ఇంట్లో బర్రెలు పదకొండు, పదో తరగతి రెండుసార్లు. మూడో సందులో రూప వాళ్లింట్లో రోజూ లీటరు పాలు పోస్తాడు. ఆర్నెల్లుగా ఆ లీటరు ఎందుకో లీటరున్నర అవుతోంది. రూప డిగ్రీలో చెట్లూ చేమల చదువు చదువుతోంది. నిన్న పొద్దున ధైర్యం చేసి, క్యాను చేతిలో ఉండగానే, నువ్వంటే నాకిష్టం అని చెప్పేశాడు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"మనిద్దరం లైకెన్ లెక్క ఉంటం. దానర్థం తెలుసుకొని రేపు అయిదింటి బస్సుకాడ చెప్పు. తెల్వకుంటే మన ముచ్చట ఈడికే," అని తలుపు మూసింది. మెల్లగానే మూసింది. అనురాగ్ ఆ మెల్లదనాన్ని పట్టుకుని రోజంతా బతికాడు.

లైకెన్. ఆ మాట వింటుంటే అతనికి తొలకరి వాసన వేసింది. నీళ్ల మధ్య ఏదో దీవి అయి ఉంటుంది, లేదా జంటగా తప్ప ఎగరని పిట్టలేమో అనుకున్నాడు. ఫోనుకు నోటితో చెబితే లైక్ అండ్ షేర్ అని చూపించింది. విన్నది విన్నట్టు అక్షరాలు కొడితే 'పోల్చు' అని అర్థం ఇచ్చింది, దేనితో పోల్చాలో ఇవ్వలేదు. ఇక ఈ బస్తీలో మిగిలిన నిఘంటువు ప్రేమ్‌రాజ్ ఒక్కడే.

నాలుగుంపావయింది. ఒక ఇంగ్లీషు మాట ఉంది కాకా, అర్థం చెప్పాలె అన్నాడు అనురాగ్.

"చెప్త. కాని తమ్మీ, మాట అడిగే ముందుగాల మనిషెవడో తెలుసుకోవాలె," అని ప్రేమ్‌రాజ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ గ్లాసు కింద పెట్టాడంటే అరగంట దాకా ఎవరూ లేవరని తెలిసిన సామ్యూల్, స్టవ్వు మంట తగ్గించాడు. బల్ల చివర ఎల్లమ్మ ఒక్కతే ఇదేమీ పట్టనట్టు చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటోంది. ఉస్మాన్‌గంజ్‌లో మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణంలో జల్లెడ పడుతుంది ఆమె. ఇంటికి పోయేముందు ఇక్కడ కాసేపు నడుము వాలుస్తుంది.

ప్రేమ్‌రాజ్ చిన్నగానే మొదలుపెట్టాడు. క్వార్టర్లలో ఒక అశోక చెట్టుకు ఇంగ్లీషులో పేరు రాసిన రేకు ఉండేదట. వానలకు చివరి అక్షరాలు చెరిగిపోయి 'యాష్' అన్నంత వరకే మిగిలిందట. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద సారు ఇదేం చెట్టని అడిగితే ఇంజనీర్లందరూ బూట్లు చూసుకున్నారట.

"నేను చీపురు పక్కకు వెట్టి చెప్పిన. సార్, యాష్ అంటే బూడిద. కాలకముందే బూడిదని పేరు వెట్టుకున్నది, మస్తు ముందుచూపు ఉన్న చెట్టు అన్న. సారు టోపీ తీసిండు."

"ఢిల్లీ సారుకు టోపీ యాడిది?" అన్నాడు సామ్యూల్.

"లేకుంటే తెప్పిచ్చుకొని తీసిండు."

ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా అని ప్రేమ్‌రాజ్ తనే అడిగి, తనే తల ఊపి, తనే చెప్పాడు. ఆ సారు పోయి లండన్ దాకా చెప్పాడట. నెల తిరక్కముందే ఒక తెల్ల ప్రొఫెసరు గోనెసంచి మోసుకుంటూ దిగాడట. సంచి నిండా అర్థం తెలియని మాటలే, అన్నీ చెట్లవీ పుట్టగొడుగులవీ. చెయ్యి పెట్టి ఒకటి తీస్తే ఎఫ్, ఐ, ఆర్ అనే మూడక్షరాలు వచ్చాయట. యూనివర్సిటీలో అందరూ దాన్ని కలిపి 'ఫర్' అని చదివి, ఏంటో తెలియక బుర్ర గోక్కుంటున్నారట.

"నాకు నవ్వాగలే. అరె భాయ్, ఎఫ్ఐఆర్ మా పాతబస్తీల పసిపోరనికి సుత ఎరుక అన్న. ఆడ మంచుల ఠాణాలు నడువయి, పోలీసోళ్లు గా చెట్టు కిందనే కూసొని కేసులు రాస్తరు. కాయితాలకు గుచ్చెటందుకని దాని ఆకులు సూదుల లెక్క ఉంటయి. ఇగ ఏ కేసూ ఎన్నడూ తెగదు గదా, గందుకనే గా చెట్టు ఏడాది పొడుగూత పచ్చగనే ఉంటది."

ప్రొఫెసరు తన ఊరి చెట్టునేదో గుర్తుచేసుకున్నట్టు కళ్లు తుడుచుకున్నాడట. అనురాగ్ కళ్లకు కూడా మంచు కనిపించింది, ఆ మంచులో పచ్చటి చెట్టు, దాని కింద దిగులుగా రాసుకుంటున్న జమాదారు. ఒక్క క్షణం పోయాక బస్టాండు గోడ గడియారం కూడా కనిపించింది. నాలుగున్నర. నా మాట చిన్నదే కాకా అని గొణిగాడు గాని, ప్రేమ్‌రాజ్ అప్పటికే సంచిలోంచి ఇంకో మాట తీశాడు. పఫ్‌బాల్.

అది పుట్టగొడుగు పేరని ప్రొఫెసరుకు తెలుసు, అంతకు మించి తెలియదట. పాపం, ఆ దేశంలో ఇరానీ హోటళ్లు లేవు. పఫ్ అంటే ఎగ్ పఫ్, బాల్ అంటే బాల్, గుండ్రటి పఫ్ అన్నమాట అని ప్రేమ్‌రాజ్ చెబితే నమ్మలేదట. నమ్మించడానికి క్వార్టర్ల వెనక ఒకటి మొలిపించాడట. సోమవారం నిమ్మకాయంత, మంగళవారం ఫుట్‌బాలంత, గురువారానికి నీళ్ల ట్యాంకంత.

"శుక్రవారం ముట్టుకున్న. గంతే, వేలు తాకిచ్చిన. ఫట్ మని పగిలి పొగ లేచింది. బార్కస్ కాడికెళ్లి చార్మినార్ దాక చెయ్యికి చెయ్యి కనవడలే. జామకాయలోళ్లు తడుముకుంట అమ్మిన్రు. షాలిబండల ఒక బరాత్ తోవ తప్పి వేరే పెండ్లిల పోయి బువ్వ తినొచ్చింది. పిల్ల సుత మారుతుండె, వాళ్ల మామ గొంతు గుర్తువట్టిండు."

నేను అప్పుడు ఇక్కడే బండి పెట్టుకుని ఉన్నాను, నాకే పొగా కనిపించలేదే అన్నాడు సామ్యూల్.

"పొగల పొగ కనవడతదా?" అన్నాడు ప్రేమ్‌రాజ్, జాలిగా.

ఎల్లమ్మ ఇంకో బిస్కెట్ అడిగింది.

ఇక అక్కడి నుంచి కథకు రెక్కలొచ్చాయి. నిజంగానే. అచ్చవుతున్న డిక్షనరీ ఒక మాట దగ్గర ఆగిపోయిందని లండన్ వాళ్లు కబురుపెడితే, ప్రేమ్‌రాజ్ క్వార్టర్ల కత్తెర జేబులో వేసుకుని పోయాడట. ఆ మాట ప్లేన్ ట్రీ. లండన్ వీధుల నిండా ఆ చెట్లే, ఎందుకలా పేరొచ్చిందో ఆ ఊరి వాళ్లకే తెలియదు.

"పోవుడు టికెట్ మీద పోయిన, వచ్చుడు చెట్టు మీదికెళ్లి వచ్చిన. ప్లేన్ చెట్టు అంటే విమానాలు కాసే చెట్టు తమ్మీ. పూత మీద ఉన్నప్పుడు గాలిపటాలు. పిందెలైతే డ్రోన్లు. కొందరు ఆగలేక పచ్చిగున్నప్పుడే తెంపుతరు, అవి హెలికాప్టర్లు, గందుకనే అంత లొల్లి చేస్తయి. నేను ఖర్బూజ చూసినట్టు తొడిమెకాడ వాసన చూసి, మంచి పండింది తెంపుకొని, కిటికీ కాడ కూసున్న. బార్కస్ గ్రౌండ్ల దిగిన. గింజలు ఏర్‌పోర్టోళ్లకు ఇచ్చిన, ఏసుకున్నరో లేదో."

సామ్యూల్ పాలగిన్నె వైపు తిరిగాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అనురాగ్ నవ్వలేదు. పూతకొచ్చిన ప్లేన్ చెట్టు కింద, కొమ్మకొమ్మకూ గాలిపటాలు రెపరెపలాడుతుంటే, రూప తల మీద ఒక ఎర్ర గాలిపటం మెల్లగా వచ్చి వాలినట్టు చూస్తున్నాడు. ఇంత తెలిసిన మనిషికి నా మాట ఒక లెక్కా అనుకున్నాడు. గడియారం అయిదుకు అయిదు నిమిషాలు చూపిస్తోంది.

"కాకా, లైకెన్ అంటే ఏంది?"

ప్రేమ్‌రాజ్ కళ్లు మూసుకున్నాడు. ఖాళీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. గొప్పవాళ్లకు ఖాళీ గ్లాసులో కూడా ఏదో దొరుకుతుంది కాబోలు అనుకున్నాడు అనురాగ్.

"లైక్. ఎన్," అన్నాడు ప్రేమ్‌రాజ్, కళ్లు తెరిచి. "రెండు ముక్కలు. లైక్ అంటే ఇష్టం. ఎన్ అంటే నో అనేదానికి మొదటి అక్షరం. మర్యాదగల్ల ఆడపిల్లలు మొత్తం అనరు, ఒక్క అక్షరం అని ఇడిసిపెడ్తరు. ఇష్టం లేదని అర్థం. ఎవరన్న నిన్ను గట్ల అన్నరా ఏంది?"

పొంగి పొయ్యిలో పడ్డ పాలను ఎవరు ఎత్తగలరు. ఆ తలుపు మెల్లగా మూసింది కూడా మర్యాదకేనన్న మాట. బస్సు వచ్చేలోపు వెనక సందులోంచి పోవాలి, రేపటి నుంచి ఆ మూడో సందుకు వేరెవర్నన్నా పంపాలి అనుకుంటూ అనురాగ్ లేచాడు.

"ఆగు నాయినా," అంది ఎల్లమ్మ. "ఏం మాటన్నవ్? మల్లోపారి అను."

అనురాగ్ అన్నాడు. నోరు సరిగ్గా తిరక్కపోయినా ఆమెకు అర్థమైంది.

"లైకెనా? గది నేను రోజు జల్లెడ పడ్తనే. పత్తర్ కా ఫూల్. రాతిపువ్వు. బిర్యానీల ఏస్తరు చూడు, నల్లగ, ఎండిన చెవు లెక్క ఉంటది. ఫారిన్ పోయే డబ్బాల మీద గట్లనే రాస్తరు. నాకు చదువు రాదని, ఏ డబ్బకు ఏ కాయితం అంటియ్యాలో సేటు కొడుకు ఒక్కొక్క మాట చదివి నేర్పిండు. ఇరవై ఏండ్ల సంది అంటిస్తున్న. ఇష్టం లేదని ఏ డబ్బ మీద లేదు."

ప్రేమ్‌రాజ్ సర్దుకున్నాడు. గదొక అర్థం ఎల్లమ్మా, ఇంగ్లీషు మాటకు నాలుగు అర్థాలుంటయి అని మొదలుపెట్టబోయాడు.

"ప్రేమ్‌రాజన్నా," అంది ఎల్లమ్మ, కొంగుతో మూతి తుడుచుకుంటూ, "విమానం చెట్టెక్కి పండు తెంపినోనివి, నీ పళ్లెంల పువ్వు కనవడలేదా?"

సామ్యూల్ ఇక పాలగిన్నె చాటు వదిలేసి బాహాటంగా నవ్వాడు. ప్రేమ్‌రాజ్ ఖాళీ గ్లాసు అతని వైపు జరిపాడు.

"గది నేను రిటైరైనంక వచ్చిన మాట," అన్నాడు చివరికి.

అనురాగ్‌కు అదేమీ వినిపించలేదు. ఎల్లమ్మ ముందు గొంతుక్కూర్చుని ఆ పువ్వు ఎక్కడ పూస్తుందని అడిగాడు. రాళ్ల మీద, చెట్ల బెరళ్ల మీద అని చెప్పింది ఆమె. వేరు ఉండదు, ఆకు ఉండదు. చేతిలో పట్టుకుంటే వాసన కూడా పెద్దగా ఉండదు. వేడి నూనెలో పడ్డాకే దాని సంగతి బయటపడుతుంది. ఇంకేదో చెప్పబోతుంటే బస్సు వచ్చి ఆగింది.

రూప రికార్డు పుస్తకాలు గుండెకు ఆనించుకుని దిగింది. అనురాగ్ ఎదురు వెళ్లి, దారిలో తయారుచేసుకున్న వాక్యాలన్నీ మర్చిపోయి, "రాతిపువ్వు," అన్నాడు.

ఆమె ఆగింది. ఆమె పుస్తకంలో ఆ మాట లేదు. ఎవరు చెప్పారని అడిగితే బల్ల మీది ఎల్లమ్మను చూపించాడు. రూప అటు చూసి కొంచెం తల వంచింది, లెక్చరర్‌కు వంచినట్టు.

"మంచిగ తెలుసుకున్నవ్. కాని సగమే," అంది. "అది పువ్వు గాదు. ఒకటి గాదు, రెండు. ఒకటి బూజు జాతి, ఇంకోటి పాచి జాతి. బూజు ఇల్లు కడ్తది, పాచి ఎండల వంట చేస్తది. రెండు కలిస్తెనే రాయి మీద గూడ బతుకుతయి, విడిగైతే ఎండిపోతయి. ఇప్పుడు చెప్పు, మనిద్దరిల నువ్వేంది?"

దీవి పోయింది, జంట పిట్టలు పోయాయి. ప్రేమ కోసం ఒక రోజంతా కాచుకున్నవాడికి బూజో పాచో తేల్చుకోవలసి వచ్చింది. అయినా అనురాగ్‌కు ఆ రెండు మాటలంత అందమైనవి ఇంకెక్కడా ఉన్నట్టు అనిపించలేదు.

"పాచి," అన్నాడు.

"వంట వస్తదా?"

"అన్నం ఒక్కటి వస్తది. అది గూడ మెత్తగయితది."

రూప పుస్తకాలు అతని చేతుల్లో పెట్టింది.

"మెత్తగయితే మంచిదే," అంది నడుస్తూ. "మా ఇంట్ల ముందుగాల ఒప్పుకోవాల్సింది నాయినమ్మ. ఆమె నోట్ల పండ్లు లేవు."