దిండు కింద మాత్రలు

కంటి ఆసుపత్రి వరండాలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆపరేషనైన కంటికి కట్టు ఉంది. పక్కన కోడలు.

“బీపీ ఇలాగే ఉంటే కంట్లో నెత్తురు దిగుతుందని డాక్టరుగారు కేకలేశారు. మాత్ర వేసుకుంటున్నారా మామయ్యా?”

“వేసుకుంటున్నానమ్మా.”

“మరి మీ దిండు కింద దొరికినవేంటి?”

“...మానేశాను.”

“ఎందుకండీ? చూపు పోతే?”

“అది వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలు వస్తుంది. ఒంటికన్నుతో గోడ తడుముకుంటూ వెళ్లేలోపే పక్క తడిసిపోతోంది.”

“తడిస్తే ఉతుక్కుంటాం. నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పను? దుప్పట్లు ఆరేస్తూ పక్కింటావిడతో అన్నావుగా, ‘మా ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, ఒకడికి మీసాలున్నాయి’ అని.”

“...విన్నారా?”

“కట్టు కట్టింది కంటికే కదమ్మా.”

“నా నోరు పడిపోను! నవ్వులాటకి అన్నాను మామయ్యా.”

“నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత మాత్ర గొంతు దిగలేదు.”

కోడలు లేచి చెయ్యి అందించింది.

“లేవండి. మాత్ర మార్చమని డాక్టరుగారిని అడుగుదాం.”

“పక్క తడుస్తోందని ఆయనకి చెబుతావా? సిగ్గు కాదూ?”

“ఆ మాటకి సిగ్గెందుకు? ఎందుకు మానేశారని అడిగితే నేనన్నది కూడా చెప్పాలి. సిగ్గంతా దానికే.”

“అదొక్కటీ చెప్పకమ్మా. మా కోడలు బంగారమని ఇందాకే నర్సమ్మతో అన్నాను.”