ఫర్నేసు గోడ మీద చుక్క

రెండువేల సంవత్సరం, రాయపూర్‌ పండరీ బజారులో ఓ తెలుగాయన కెమెరాలు బాగుచేసే కొట్టు. ధర్సీవా దగ్గరి ఇనుప ఫ్యాక్టరీ ఫోర్‌మన్ తన డిజిటల్ కెమెరా కోసం వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

“సెన్సార్ పాడైందని కాయితం రాసియ్యన్నా. ఫర్నేసు గోడ ఫోటోలో ఈ తెల్లసుక్క సూడు.”

“లెన్సుకి మూతెట్టి ఫోటో తీసేను. సెన్సార్ పాడైతే ఆ నలుపులోనూ సుక్క అక్కడే ఉండాలి. లేదు.”

“మరి ఈ సుక్కేటి?”

“వేడి. గోడ మన కంటికి ఎర్రబడకముందే ఆ వేడి ఈ కెమెరాకి కనబడిపోద్ది. ఈ ఫోటో ఎప్పటిది?”

“సోమారం.”

“గోడ పగిలి మీ కూలీ పరదేశి కాలిపోయిందెప్పుడు?”

“మంగళారం. ముందురోజు ఆడే అడిగేడన్నా, ఈ సుక్కేటి బాబూ, ఫర్నేసు ఆపుదామా అని. కెమెరా జబ్బురా, నువ్వేమైనా డాక్టరువా అని నవ్వేను. పనిలోకి తోలేను.”

“నవ్వేవా?”

“కాయితం లేకపోతే నా మీద కేసన్నా. పోనీ, నువ్వే ఆ సెన్సార్ మీద ఓ గీత గీసెయ్. పాడైపోద్ది గదా?”

“పరదేశి పెళ్ళాం పేరేటి?”

“దాలమ్మ. ఎందుకు?”

“కాయితం రాస్తన్నాను. కెమెరా బాగానే ఉందని, ఆవిడ పేరున.”