బ్యాకప్‌లో లేని వీడియో

ఆదివారం మధ్యాహ్నం. పడగ్గదిలో భర్త ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. భార్య మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"లేవంటే లేవు. ఎన్నిసార్లు వెతకమంటావ్?"

"ఇంకొక్కసారి చూడండి. నా ఫోన్‌లోవన్నీ బ్యాకప్‌లో ఉన్నాయని మీరేగా అన్నారు."

"అన్నాను. అప్పుడున్నాయి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేవు."

"మన పెళ్ళి ఫొటోలున్నాయి. కుక్కర్ రసీదు ఫొటో కూడా ఉంది. బుజ్జమ్మ వీడియోలు మాత్రం లేవా?"

"నువ్వే తీసేసుంటావ్, చూసుకోకుండా. ఫోన్ నిండిపోయిందని ఆ మధ్య ఒకటే గోల పెట్టావుగా."

"నిండిందన్నాను. ఖాళీ చేసిస్తానని తీసుకున్నది మీరు."

"అంటే? నేను తీసేశానంటావా?"

"అయ్యో, అలా అన్నానా? అడుగుతున్నానంతే. ఎవరు తీసేస్తే మాత్రం, బ్యాకప్‌లో ఉండాలి కదా. దాచడానికే కదా అది?"

"ఇదే తంటా. మా ఆఫీసులో పెద్దపెద్దవాళ్ళకే ఎక్కదు, నీకేం ఎక్కుతుంది? ఇలా చూడు. బ్యాకప్ అంటే నకలు. ఇవాళ ఫోన్‌లో ఏముందో అదే అక్కడా ఉంటుంది. ఫోన్ పగిలినా, పోయినా మళ్ళీ తెచ్చుకోవడానికి. ఫోన్‌లోంచి ఒకటి తీసేశావనుకో, ఒక నెల చూస్తుంది, పొరపాటున తీశారేమో, మళ్ళీ కావాలంటారేమోనని. అడక్కపోతే అదీ తీసేస్తుంది."

"ఇంటికి రెండో తాళంచెవి లాగన్నమాట."

"ఆఁ, అదీ."

"తాళమే మార్చేస్తే రెండోదీ పనికిరాదు."

"పట్టేశావే! కలకాలం ఉండేది వేరే. దాన్ని ఆర్కైవ్ అంటారు. వాడకం అయిపోయినదాన్ని తీసి విడిగా దాచిపెట్టడం. ఇక దాన్ని ఎవ్వరూ మార్చకూడదు, చెరపకూడదు. ఎన్నేళ్ళకైనా ఎవరైనా వచ్చి అడిగితే చూపించాలి."

"ఎవరడుగుతారు?"

"ఆఫీసులో అయితే ఆడిట్ వాళ్ళు. ఒక్కోసారి కోర్టు."

"సాక్ష్యమా?"

"అలాంటిదే అనుకో."

"మరి బుజ్జమ్మవి అలా దాచలేదేం? పోయిన పిల్ల. ఇంక కొత్తవి రావు కదా."

"తోచలేదు."

"రోజూ మీరు చేసే పనే అది. తోచలేదా?"

"తోచలేదన్నానుగా! అయినా ఒకందుకు మంచిదేలే. పొద్దస్తమానం ఆ ఫోన్ పట్టుకుని కూర్చునేదానివి. తిండి లేదు, నిద్ర లేదు. డాక్టరేం చెప్పాడు? మర్చిపొమ్మన్నాడా లేదా?"

"నిద్రకి మందిచ్చాడు. మర్చిపొమ్మనలేదు."

"ఏదోలే. నీ మంచికే."

"ఏది నా మంచికి?"

"అదే... పోవడం. వాటంతటవి పోవడం."

"ఆ రోజుది మీరు చూశారా?"

"ఏ రోజుది?"

"ఆ రోజుదే. నేను ఫోన్ ఇంట్లో మర్చిపోయి మందుల షాపుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి మన మేడ కింద జనం. ఫోన్ మెట్ల మీద దొరికింది. అందులో బుజ్జమ్మ తీసిన వీడియో ఉండాలి."

"చూళ్ళేదు. నాకంత ధైర్యం లేదు."

"ఒక్కసారి కూడా?"

"చెప్పానుగా. అయినా నేనప్పుడు నిద్రలో ఉన్నాను. జనం అరుపులకి లేచాను. నీకు తెలీందా?"

"ఎందుకు తెలీదు, అందరికీ చెప్పారు. పోలీసులకి చెప్పారు, మా అమ్మకి చెప్పారు, బుజ్జమ్మ టీచరుకి కూడా చెప్పారు. మా ఆవిడ బట్టలారేసి మేడ తలుపు గొళ్ళెం పెట్టడం మర్చిపోయింది, పాపం దాన్నేమీ అనకండి, నేను క్షమించేశాను అని."

"తప్పా? మా అమ్మ నిన్ను పిల్లని చంపుకున్నదానివని తిడుతుంటే ఆపిందెవరు?"

"మీరే. 'ఊరుకో అమ్మా, కావాలని చేసిందా' అన్నారు."

"మరి?"

"చేసిందని ఖాయం చేశారు."

"ఇదిగో, మాటకి మాట తియ్యకు. మీ తమ్ముడొచ్చినప్పుడల్లా ఇదే వరస. వాడింకా పోలేదా?"

"పక్కగదిలో అత్తయ్య దగ్గర కూర్చున్నాడు."

"వాళ్ళిద్దరికీ మాటలేంటి? అమ్మ వాడి మొహమే చూడదుగా."

"ఇవాళ చూస్తున్నారు. ఏమండీ, ఆ గొళ్ళెం ఎంత ఎత్తుంటుంది?"

"ఏ గొళ్ళెం?"

"మేడ తలుపుది. నాకే మునివేళ్ళ మీద లేస్తే గానీ అందదు."

"అందుకేగా అనేది! పిల్లకి అందదు. అంటే తీసే ఉంది. అంటే నువ్వు పెట్టలేదు. పెట్టానని ఒట్టేసి చెప్పగలవా?"

"చెప్పలేను. అదే కదా నా ఖర్మ. 'పెట్టలేదేమో, బాగా గుర్తుచేసుకో' అన్నారు మీరు. గుర్తుచేసుకున్నాను. లేస్తే అదే, పడుకుంటే అదే. చివరికి గొళ్ళెం పెట్టకుండా దిగొచ్చినట్టు కళ్ళకి కట్టింది కూడా."

"చూశావా మరి."

"కడుపులో రెండోది పడితే, నాలాంటిదానికి ఇంకో పిల్లెందుకని తీయించుకున్నాను. ఆసుపత్రికి మీరే తీసుకెళ్ళారు."

"నువ్వే పట్టుబట్టావ్. అందులో నా తప్పేముంది?"

"ఏమీ లేదు. బయట కుర్చీలో కూర్చున్నారు. ఒక్క మాట చెప్తే లేచి ఇంటికొచ్చేసేదాన్ని. చెప్పలేదు."

"ఏం మాట?"

"మీకు తెలుసు."

"నాకేం తెలీదు. ఇంక చాలు, ఆపు. వీడియోలు పోయాయి. నువ్వు ఏడ్చినా రావు, మా ఆఫీసంతా కదిలొచ్చినా తేలేరు. నెల దాటిపోయింది."

"నెల దాటిందా? ఎప్పుడు పోయాయో తెలీదన్నట్టు మాట్లాడారిందాక."

"అంటే... దాటుంటుంది."

"దాటింది. మొన్న శుక్రవారంతో. మీరూ లెక్కపెట్టుకున్నారు, నేనూ లెక్కపెట్టుకున్నాను."

"ఏం వాగుతున్నావ్?"

"అన్నాళ్ళూ ఆ వీడియో తెరవడానికి ధైర్యం చాల్లేదు. ఫోన్ మీ చేతికివ్వబోయే ముందు చూశాను. చూసి మా తమ్ముడికిచ్చాను. వాడు విడిగా దాచాడు. పేరేదో అన్నారే ఇందాక, ఎవ్వరూ చెరపకూడనిదని."

"నువ్వు... నీ దగ్గర ఉందా?"

"ఉండీ ఈ నెలంతా నోరు మూసుకున్నాను. తీసేసినవాడు మళ్ళీ తెచ్చి పెడతాడేమో, పక్కన కూర్చుని ఇదీ జరిగిందని చెప్తాడేమోనని. ఇందాకట్నించీ ఎన్నిరకాలుగా అడగాలో అన్నిరకాలుగానూ అడిగాను."

"ఇలా విను... నా మాట విను. ఆఫీసు కాల్‌లో ఉన్నాను నేను. అది పక్కన చేరి ఒకటే నస. రోజూ ఆడుకునే మేడే కదా అనుకున్నాను. ఒక్క క్షణం... ఎవరికైనా జరుగుతుంది. జరగదా?"

"జరుగుతుంది. రెండేళ్ళపాటు ఇంకొకళ్ళ నెత్తిన రుద్దడం మాత్రం అందరికీ జరగదు."

"సరే, తప్పే. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. అమ్మకి మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. మనవరాలంటే ప్రాణం ఆవిడకి, గుండె ఆగిపోతుంది. నాకు మిగిలింది అమ్మొక్కతే."

"లే. కాళ్ళు వదులు."

"చెప్పనను ముందు."

"నేను చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఆగు... ఆ గదిలో ఏంటది? ఎవరిదా గొంతు?"

"బుజ్జమ్మది. 'గొళ్ళెం అందట్లేదు నాన్నా, తియ్యవా' అంటోంది. 'తీశా పో, అరగంట దాకా నా జోలికి రాకు' అన్నది నువ్వు. మీ అమ్మ ఇందాకట్నించీ ఆ ఒక్క ముక్కే వెనక్కి తిప్పించుకుని వింటోంది."